నీళ్లకు కోరింత దగ్గు

ఆ ల్యాబులో క్రిముల జాడ పట్టే పీసీఆర్ పరీక్షలు చేసే సీనియర్ టెక్నీషియన్‌ను చాటుగా అందరూ సెంట్రీ అంటారు. క్రిములు అంటకుండా, శుభ్రమైన గదిలోంచి శాంపిళ్ల గదికి, అక్కణ్ణుంచి మెషీన్ గదికి పోవడమే తప్ప ఎవరూ వెనక్కి రాకూడదు. పెన్ను మరిచిపోతే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. పద్దెనిమిదేళ్లలో తన చేతి మీదుగా ఒక్క తప్పు రిపోర్టూ పోలేదని ఆవిడ రోజుకోసారైనా గుర్తుచేస్తుంది.

ఆ పొద్దున నెల్లాళ్ల పసిగుడ్డు ముక్కులోంచి తీసిన శాంపిల్ వచ్చింది. బిడ్డ దగ్గి దగ్గి నీలంగా మారుతోందట. కోరింత దగ్గయితే పెద్దాసుపత్రికి తరలించాలి, త్వరగా తేల్చమని డాక్టరమ్మ కబురు పెట్టింది.

ప్రతిసారీ శాంపిళ్ల పక్కన ఒక గొట్టంలో ఉత్త నీళ్లు పెడతారు. అందులో క్రిమి కనబడిందంటే అది ల్యాబువాళ్ల నిర్వాకమే. రెండు గంటల తర్వాత మెషీన్ తెర మీద బిడ్డ గీత పైకి లేచింది, అంటే క్రిమి ఉన్నట్టే. నీళ్ల గీతా లేచింది. ఇక బిడ్డ సంగతి ఏమని చెప్పగలరు?

సెంట్రీ నేరుగా తోటి టెక్నీషియన్ మీద విరుచుకుపడింది. అతన్ని అందరూ నిదానం అంటారు.

"శుభ్రమైన గదిలోకి ఎందుకెళ్లావు తమ్ముడూ?"

"నేను వెళ్లలేదక్కా. గుమ్మం దగ్గర నిలబడ్డానని మీరే లోపల్నుంచి తిట్టారు. మాస్కు దించి మరీ తిట్టారు. మధ్యలో రెండుసార్లు దగ్గారు కూడా. అప్పుడు అన్ని గొట్టాల్లోనూ కలిపే నీళ్లకు మూత లేదు."

పది రోజులుగా ఆవిడకు దగ్గు. దుమ్ము పడక వచ్చిందని అందరికీ చెబుతోంది.

అతను కొత్త కిట్టు విప్పి, కొత్త నీళ్లు పోసి, ఆవిడ ముక్కులోంచి కూడా శాంపిల్ తీసి మెషీన్లో పెట్టాడు. డాక్టరమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. అవతల పసిబిడ్డ ఊపిరికి తంటాలు పడుతుంటే, తన నోటి దురుసువల్ల రెండు గంటలు గంగపాలయ్యాయి. వరండాలో కూర్చున్న సెంట్రీకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈసారి నీళ్లలో ఏమీ లేదు. బిడ్డలోనూ లేదు. సీనియర్ గారి గీత మాత్రం నిటారుగా లేచింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని, తనే ఫోన్ తీసింది.

"బిడ్డకు కోరింత దగ్గు లేదు డాక్టరమ్మా. నాకుంది. ఆలస్యానికి కారణం కూడా నేనే."

ఆవిణ్ణి అయిదు రోజులు మందులు వేసుకుని ఇంట్లో ఉండమంది డాక్టరమ్మ.

"మీరేమీ బెంగపెట్టుకోకండి, ఫోన్లో తిడుతుంటాను," అంది బ్యాగు తగిలించుకుంటూ.

"అదే మంచిదక్కా," అన్నాడు నిదానం. "తిడుతూ దగ్గినా మా నీళ్లకేం కాదు."