చావు బట్టకి చెప్పకూడని మాట

నా చిన్నప్పుడు మా తాతయ్యకి పుదుచ్చేరి పెద్ద మార్కెట్ పక్క సందులో బట్టల అంగడి ఉండేది. బడి లేని రోజుల్లో నేను ఆయన పక్కన చాప మీద కూర్చునేదాన్ని. మెట్లు దిగే ప్రతి మనిషికీ ‘మళ్ళీ రండి’ అని చెప్పడం నా పని. కొన్నా, కొనకపోయినా, నలభై చీరలు విప్పించి పెదవి విరిచి పోయినా సరే, చెప్పాల్సిందే. ఒక్క చావు బట్ట కొన్నవాళ్ళకి మాత్రం చెప్పకూడదు. ఆ తెల్లగుడ్డకి కత్తెర పెట్టరు. తాతయ్య అంచు పంటితో కొరికి, చేత్తో చింపి, మడత పెట్టకుండానే ఇచ్చేవాడు. తీసుకున్నవాళ్ళు కూడా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

అంగడి అరుగు మీద ఒక దర్జీ తాత కుట్టుమిషను వేసుకుని ఉండేవాడు. వాళ్ళు తమిళ క్రైస్తవులు, ఇల్లు మా వీధిలోనే. ఆయన కూతురు నాకు జడలు వేసి, బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన మనిషి. మా ఇంట్లో తిరిగి తిరిగి మా తెలుగంతా నేర్చేసుకుంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ అక్క ఒక ముస్లిం అబ్బాయిని ఇష్టపడి, వాళ్ళ మతంలో కలిసి, పెళ్ళి చేసుకుని నెల్లితోపులో కాపురం పెట్టింది. టౌను బస్సెక్కితే కాసేపట్లో దిగొచ్చు. అయినా నాలుగేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు.

తొక్కనివ్వలేదు అనాలి. అక్క వాళ్ళ అన్న ఒక ప్రార్థన గుంపులో తిరిగేవాడు. మతం విడిచిన మనిషి ఆ ఇంట్లో అడుగుపెడితే తాము ఇక ఆ గడప తొక్కబోమని ఆ గుంపు తేల్చి చెప్పింది. అటు అక్కకి బావగారు, అంటే మొగుడి అన్న, నువ్విప్పుడు మా మనిషివి, శిలువ ఉన్న ఇంటికి పోతే నీ విశ్వాసం మీద మాకు నమ్మకం పోతుందన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు ఈ ఒక్క సంగతిలో భలే కలిశారు. దర్జీ తాత మాత్రం మిగిలిపోయిన పీలికలతో చిన్న చిన్న గౌన్లు కుట్టి మిషను సొరుగులో పెట్టుకునేవాడు. ఎవరికి తాతా అంటే దారం తెంపి ఇంకో పీలిక అందుకునేవాడు.

మా అవ్వ ఇదంతా చూసి, వాళ్ళ మతాల్లోనే ఈ పట్టుదలలు, మనకి ఇలాంటివి లేవమ్మా అనేది. నేను నమ్మాను.

ఒక ఉదయం దర్జీ తాత నిద్రలోనే పోయాడు. అరుగు మీద మిషను గుడ్డ కప్పుకునే ఉంది. పొద్దెక్కాక అక్క అంగడికి వచ్చింది. నల్ల బురఖా, చెప్పుల్లేని కాళ్ళు. మా వైపు ఏ మతం వాళ్ళయినా తండ్రి పోతే కూతురు కొత్తగుడ్డ కప్పాలి. ఆమె అడక్కుండానే తాతయ్య తెల్లగుడ్డ తాను విప్పి, చింపి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి ఆయన ముందే పెట్టింది. “ఎవురిచేతైనా నాయన మీద కప్పించండి తాతా. నేనిచ్చినానని చెప్పొద్దండి” అని మెట్లు దిగింది.

అలవాటు కొద్దీ నా నోట్లోంచి మాట జారిపోయింది. “మళ్ళీ రాక్కా.”

అంగట్లో పనివాళ్ళు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చావు ఇంటి మనిషిని మళ్ళీ రమ్మనడమంటే ఇంకో చావు కోరడమే. దెబ్బ పడుతుందని వీపు బిగించుకున్నాను. తాతయ్య నన్ను చూడనే లేదు. అక్క పోయిన వైపే చూస్తూ లేచి చొక్కా తొడుక్కుని, గుడ్డ పట్టుకుని సందులోకి నడిచాడు. నేనూ వెనకాలే పరుగెత్తాను. మలుపు దగ్గర అక్కని ఆపి, “నువ్వే కప్పుదువు పా తల్లీ” అన్నాడు.

దర్జీ తాత ఇంటి వాకిట్లో అన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు, పక్కన గుంపు వాళ్ళు. ఎవరు చెప్పారో, బావగారు కూడా సైకిలు మీద వచ్చి ఎదురుగోడ దగ్గర ఆగాడు. అన్న తాతయ్యతో, “ఇందులో మీకేంది పెద్దాయనా” అన్నాడు.

తాతయ్య గొంతు పెంచలేదు. “నా చెల్లెలు మీ దేవుణ్ణే నమ్ముకుని ఇల్లు దాటిపోయింది నాయనా. అది చచ్చిననాడు పుట్టింటి కోక పంపాల్సినోణ్ణి నేను. అంగడి నిండా బట్టలు పెట్టుకుని మూరెడు గుడ్డ పంపలేదు. మతం నిలబెట్టినాననుకున్నా. ఇన్నేళ్ళయినా ఏ దేవుడూ వచ్చి నువ్వు బాగా చేసినావని చెప్పలేదు నాకు.”

తాతయ్యకి ఒక చెల్లెలుండేదని నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లో ఆ పేరు కూడా మిగల్చలేదు.

అన్న మనసు మారిందని చెప్పను. ముఖం తిప్పుకుని ఒక అడుగు జరిగాడు, అంతే. ఆ కాస్త ఖాళీలోంచే అక్క లోపలికి పోయింది. గుడ్డ కప్పి, తండ్రి పాదాలు పట్టుకుని కాసేపు కూర్చుంది. బావగారు ఆమెతో మాట్లాడకుండా సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గుంపు వాళ్ళు మా అంగడికి రావడం మానేశారు. మా అవ్వ కూడా చాలా రోజులు తాతయ్యతో ముభావంగా ఉంది.

నెల తర్వాత అక్క తన పాపని ఎత్తుకుని అంగడికి వచ్చింది. తాతయ్య మిషను సొరుగు లాగి గౌన్లన్నీ ఆమె ఒడిలో పోశాడు. కొన్ని అప్పటికే పాపకి పట్టనంత చిన్నవి. అక్క వాటినీ వదల్లేదు. వెళ్ళేటప్పుడు నేను భయపడి నోరు మూసుకున్నాను. తాతయ్యే మెట్ల దాకా వచ్చి, “మళ్ళీ రామ్మా” అన్నాడు. ఆమె వస్తూనే ఉంది, తాతయ్య పోయిన రోజు కూడా, చేతిలో తెల్లగుడ్డతో.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఎవరు ఏ మతంలోకి పోయారు, ఎవరిని వెనక్కి లాక్కొచ్చారు, పొద్దున లేస్తే మనవడి ఫోనులో ఇదే గోల. చర్చి వాళ్ళ ఫోన్లలో, మసీదు వాళ్ళ ఫోన్లలో కూడా ఇంతేనట. వినీ వినీ అలిసిపోయాను. మొన్న సారం పేటలో మా తమ్ముడి ఇంట్లో అందరూ కూర్చున్నారు. వాడి మనవరాలు బాప్తిస్మం తీసుకుంది. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే, ఇకమీదట శుభకార్యాలకి పిలవకూడదని తీర్మానించారు. తాతయ్య చెల్లెలి సంగతి చెప్పబోయాను. పాతకాలం కథలెందుకత్తా అన్నారు.

ఆ పిల్ల ఏడవకుండా లేచి చెప్పులు వేసుకుంది. వాదించే ఓపిక నాకు లేదు. గోడ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి, లోపలున్న అందరికీ వినబడేటట్టు, “మళ్ళీ రామ్మా” అన్నాను.