పెద్దమ్మ రాగి గొలుసు

నా చేతుల్లో పాడైనవి లెక్కిస్తే రాగితీగె పదకొండు మూరలు, అల్లిక సూదులు రెండు, పెద్దమ్మ తనకోసం మొదలుపెట్టుకున్న ఒకే ఒక్క గొలుసు.

నారాయణఖేడ్ బస్ డిపో వెనక మా పక్కిల్లే పెద్దమ్మది. ఎందరికో తీగె గొలుసులు అల్లిచ్చింది. నాకు నేర్పేటప్పుడు కుట్లు లెక్కపెడితే నవ్వేది. తప్పు పడినా విప్పనిచ్చేది కాదు. వేలితో అదిమి, "ముందుకు పో బిడ్డా. విప్పితే దారమైతే వంపు మర్చిపోతది, తీగె మర్వదు, ఇరుగుతది" అనేది.

గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ పోతూ, నూట ఇరవై వరుసల గొలుసును ఎనభై మూడు వరుసలు అల్లి నా చేతికిచ్చింది.

"నేనొచ్చేదాంక అల్లు. క్రిస్మస్‌కు ఏసుకొని చర్చికి పోత."

తొమ్మిది వరుసలు అల్లాక, మొదటిదాంట్లోనే ఒక కుట్టు తక్కువని తేలింది. ఎవరికీ కనపడేది కాదు. నాకే మనసొప్పలేదు. విప్పాను. తొమ్మిది వరుసలూ ఊడాక, సరిగ్గా ఆమె ఆపిన చోట తీగె పుటుక్కున విరిగింది.

దవాఖాన నుంచి ఫోన్ చేసింది. "అయ్యిందా?"

"అయితుంది పెద్దమ్మా."

"లెక్కలు వెడ్తున్నవా ఏంది? జల్దీ కానియ్యి."

ఆపరేషన్ నుంచి పెద్దమ్మ లేవలేదు. మట్టి చేసేనాడు ఆమె మెడ బోసిగానే ఉంది. నేను ఇంకా అల్లాల్సినవి ముప్పై ఏడు వరుసలు.