దవడ అనే మాట

ఆమె పోయిందన్న కబురు నాకు సౌదీలో, తబూక్‌లో ఉండగా తెలిసింది. పొద్దున అంబులెన్సు అద్దం తుడుస్తుంటే ఫోనొచ్చింది. జుబైల్‌లో ఆమెతో కలిసి పనిచేసిన కేరళ నర్సు హిందీలో ఒకే ముక్క చెప్పింది: "భాయ్, దీదీ చలీ గయీ." దీదీ వెళ్ళిపోయింది అని. నేను "యాడికి?" అని తెలుగులో అడిగినాను. అవతల ఏడుపు వినిపించాక గానీ నేనేమడిగానో నాకు తెలియలేదు.

సౌదీకి ఇంకో చివర, జుబైల్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ వర్కర్ల క్యాంపు ఉంది. అందులో చిన్న క్లినిక్. ఆమె అక్కడ హెడ్ నర్సు, నేను అంబులెన్సు డ్రైవర్ని. ఆమెది భీమవరం పక్క పల్లె, నాది రాయచోటి. ఈజిప్టు డాక్టరు మొదలు పాకిస్తానీ వంటవాడి దాకా అందరూ సిస్టర్ అనేవాళ్ళు. నేనొక్కణ్ణే అక్కా అనేవాణ్ణి. నేను "వస్తాండా అక్కా" అంటే నవ్వేది. "వస్తన్నానంటావా, వస్తానంటావా? ఏదో ఒకటి తేల్చు తమ్ముడూ" అనేది. పెన్ను కొప్పులో దోపుకుని గదంతా వెతుక్కునేది. ఎవరైనా నొప్పి అంటే ముందు కుర్చీ లాగి కూర్చోబెట్టేది. నిలబడి చెప్పే నొప్పి సగమే బయటికొస్తుందని ఆమె నమ్మకం.

ఏడాదికోసారి ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ ఆపి మరమ్మతులు చేస్తారు. షట్‌డౌన్ అంటారు దాన్ని. పెద్ద టర్బైన్ల పనికి జర్మనీ నుంచి ఒక జట్టు వచ్చేది. పని చెప్పుకోవడానికి సరిపడా ఇంగ్లీషు వాళ్ళకు వచ్చు. బోల్టు, వాల్వు, ప్రెషరు అన్నీ తెలుసు. ఒంటి గురించి చెప్పాలంటేనే మాటలుండేవి కావు.

ఒక షట్‌డౌన్‌లో, మధ్యాహ్నం పూట, క్లినిక్ ఫోన్ మోగింది. డాక్టరు సైటులో కాలు విరిగినవాడి దగ్గరున్నాడు. అక్కే ఎత్తింది. నేను పక్కనే టీ తాగుతున్నాను. జర్మన్ వెల్డర్ ఒకాయన తన గది నుంచి మాట్లాడుతున్నాడు. "పెయిన్" అంటున్నాడు. తర్వాత "కీఫర్, కీఫర్" అంటున్నాడు. అక్కకు అర్థం కాలేదు. "ఎక్కడ? వేర్?" అని అడిగింది. ఆయన వెతుక్కుని వెతుక్కుని "టూత్... అండర్ టూత్... బోన్" అన్నాడు. "పంటి నొప్పా?" అంటే "యెస్, యెస్" అన్నాడు. పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరికి పంపిస్తానని, అంతవరకు మాత్ర వేసుకోమని చెప్పి పెట్టేసింది.

సాయంత్రం ఆయన గదిలోనే ఉండే ముసలి ఫోర్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మేం వెళ్ళేసరికి వెల్డర్ మంచం పక్కన నేల మీద పడున్నాడు. ఒక చెయ్యి దవడ మీద ఉంది. గుండెపోటు. కొందరికి ఎదలో కాకుండా దవడలో మొదలవుతుందట, అది ఆరోజే తెలిసింది నాకు. ఆస్పత్రి దాకా అక్క ఆయన గుండె నొక్కుతూనే ఉంది. నేను నడుపుతున్నాను. వెనక నుంచి ఆమె ఊపిరి వినిపించింది. ఆయనది వినిపించలేదు.

విచారణ జరిగింది. ఆమె తప్పేమీ లేదని తేల్చారు. బయటికొచ్చి బండిలో నా పక్క సీట్లో కూర్చుంది.

"తప్పు లేదన్నారు కదక్కా" అన్నాను.

"అన్నారు. మరి ఆ గొంతు నా చెవిలోంచి ఎవరు తీస్తారు తమ్ముడూ?" అంది.

మర్నాడు ఆ ఫోర్‌మన్ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళింది. కీఫర్ అంటే ఏంటని అడిగింది. ఆయన తన దవడ మీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత అన్నాడు, వాళ్ళ భాషలో ఒక చెట్టును కూడా అదే మాటతో పిలుస్తారని. పైన్ చెట్టు. పోయినాయన ఇంటి వెనక ఆ చెట్లే ఉంటాయట, గాలికి రాత్రంతా మోగుతుంటాయట. అక్క తల దించుకుని విన్నది. ఎన్నో ఏళ్ళ తర్వాత నాతో అంది, ఎప్పుడూ చూడని ఆ చెట్ల చప్పుడు తనకు ఏసీ శబ్దంలో వినిపిస్తుందని. అందుకే ఆమె గదిలో ఏసీ ఎప్పుడూ ఆపేసి ఉండేది. ఆ ఎండల్లో కూడా.

ఆ వారమే క్యాంపు భోజనాల హాల్లో క్లాసు మొదలుపెట్టింది. సాయంత్రం టీ వేళ జర్మన్లను కూర్చోబెట్టి ఒంట్లో భాగాలకు ఇంగ్లీషు మాటలు నేర్పేది. ముందు ఫోర్‌మన్ ఒక్కడే వచ్చాడు. చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయనకు కోపముందేమోనని నాకు భయం. మూడోరోజు తనవాళ్ళందర్నీ వెంట తీసుకొచ్చాడు.

హ్యాండ్, ఆర్మ్, ఫింగర్ వాళ్ళకీ అవే మాటలు. అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా ఒకేలా వినిపించి వేరే అర్థమిచ్చే మాటలతోనే. వాళ్ళ బాకె అంటే చెంప. ఇంగ్లీషులో బ్యాక్ అంటే వీపు. వాళ్ళ బైన్ అంటే కాలు, వినేవాళ్ళకు బోన్ అన్నట్టుంటుంది. మెడకూ గొంతుకూ కలిపి హాల్స్ అని ఒకటే మాట. "బయట ఉండేది నెక్, లోపల మింగేది త్రోట్" అని అక్క నీళ్ళు తాగి చూపించేది. పిక్కను ఇంగ్లీషులో కాఫ్ అంటారని చెబితే ఒకడు నమ్మలేదు. "అది ఆవు దూడ కదా! నా కాల్లో దూడ ఉందా?" అన్నాడు. హాలంతా నవ్వింది. అక్క నన్ను చూసి, "మనం మాత్రం తక్కువా? భుజం నుంచి వేళ్ళ దాకా అంతా చెయ్యే అంటాం" అంది.

అన్నిటికంటే ఎక్కువసేపు జా అనే మాట మీద ఉండేది. దవడ. బోర్డు మీద రాస్తే జర్మన్లు యావ్ అని చదివేవాళ్ళు. వాళ్ళకు జె అక్షరం య లాగా పలుకుతుంది. "యావ్ కాదు, జా" అని ఒక్కొక్కడి చేత చెప్పించేది. అందరూ దవడ పట్టుకుని జా, జా, జా అంటుంటే వంటింట్లోంచి పాకిస్తానీ వంటవాడు తొంగిచూశాడు. హిందీలో జా అంటే పో అని కదా.

"కిస్‌కో భగా రహే హో, సిస్టర్?" అన్నాడు. ఎవర్ని తరిమేస్తున్నారని.

హిందీ తెలిసినవాళ్ళం నవ్వాం. అక్క నవ్వలేదు. "పొమ్మంటే పోయేవాడైతే బాగుణ్ణు" అని తెలుగులో అంది. నాకొక్కడికే అర్థమైంది.

అప్పట్నుంచీ క్లినిక్ ఫోన్ రెండోసారి మోగే అవకాశం ఇచ్చేది కాదు. తింటున్నా ఎంగిలి చేత్తోనే ఎత్తేది. "నొప్పికి అడ్రసు ఉండాలి తమ్ముడూ. అడ్రసు తెలీకపోతే నువ్వు బండెక్కడికి తోల్తావు?" అనేది. ఇంకో మాట కూడా అనేది, పరధ్యానంగా ఉన్నప్పుడు: "పేరు తెలీని చోట నొప్పొస్తే ఆ మనిషి ఎంత ఒంటరైపోతాడో కదా."

తర్వాతి షట్‌డౌన్లలో ఒకసారి అలాంటి ఫోనే వచ్చింది. "సిస్టర్, జా పెయిన్. జా అండ్ లెఫ్ట్ ఆర్మ్." పిక్కలో దూడ అని నవ్వించినవాడే. అక్క చెప్పుల్లేకుండా పరిగెత్తి బండెక్కింది. సమయానికి చేర్చాం. బతికాడు. ఆస్పత్రి వరండాలో నేను సంతోషం పట్టలేక, "గెలిచినావక్కా" అన్నాను. ఆమె గోడకానుకుని చేతి గడియారం చూసుకుంది.

"దార్లో టైమ్ చూశాను. ఆయన్నీ ఇంతసేపట్లోనే తెచ్చేసేవాళ్ళం" అంది. అంతే. బతికినవాడు పూలగుత్తి పంపితే కృతజ్ఞతగా తీసుకుంది, వార్డులో పెట్టించింది. తన గదికి మాత్రం తీసుకెళ్ళలేదు.

నేను తబూక్‌కు మారాక కూడా ఫోన్ చేసేది. బీపీ చూపించుకున్నావా, అన్నం టైముకి తింటున్నావా, ఇవే. ఎప్పుడైనా మాట మధ్యలో ఆగిపోయేది. "ఏమక్కా?" అంటే, "ఏం లేదులే, ఫోన్ మోగినట్టయింది" అనేది. నాకేం వినిపించేది కాదు. ఇప్పుడు నాకూ అంటుకుంది. అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే బ్లేడు దవడ దగ్గరకొచ్చేసరికి వెనక ఎవరో క్లాసు చెబుతున్నట్టు జా అని వినిపిస్తుంది. తిరిగి చూస్తాను. టవలుంటుంది.

లివరు చెడిందని దమ్మాం ఆస్పత్రిలో చేరినట్టు నాకు చెప్పలేదు. రోజూలాగే మాట్లాడింది. ఆఖరిసారి మాత్రం వింత ప్రశ్న అడిగింది. "తమ్ముడూ, ఆయన నొప్పితో అంతసేపు ఒక్కడే ఉన్నాడు కదా. నన్ను తిట్టుకునుంటాడంటావా?"

"తిట్టుకోడక్కా. పొద్దున డాక్టరు దగ్గరికి పంపిస్తావని ఎదురుచూసుంటాడు" అన్నాను.

"అదే కదా" అంది. ఆ రెండు మాటలు ఎటు తిప్పి చూసినా నాకింతవరకూ అంతు చిక్కలేదు.

ఆమెను ఊరికి పంపే కాగితాలన్నీ పూర్తయ్యాక నేను సెలవు పెట్టి జుబైల్ వెళ్ళాను. ఆస్పత్రి నుంచి ఎయిర్‌పోర్టుకు బండి నేనే నడుపుతానని క్లినిక్ మేనేజర్‌ను అడిగితే కాదనలేదు. పొద్దున పొగమంచు పట్టి రోడ్డు సరిగా కనబడలేదు. సైరన్ వెయ్యలేదు. నేను మెల్లగా పోతుంటే వెనక లారీలు కూడా హారన్ కొట్టకుండా మెల్లగానే వచ్చాయి. కార్గో షెడ్డులో ఆమె ఉన్న పెట్టెను తూచి, కాగితం అంటించి, చక్రాల బల్ల మీదికి ఎక్కించారు. లోపలికి వెళ్ళే ద్వారానికి చలి బయటికి పోకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టీలు వేలాడుతున్నాయి. బంగ్లాదేశీ కుర్రాళ్ళిద్దరు బల్లను నెట్టారు. పెట్టె పట్టీలను తోసుకుంటూ లోపలికి పోయింది. కుర్రాళ్ళూ పోయారు. చక్రాల చప్పుడూ ఆగిపోయింది.

పట్టీలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి, ఒకదానికొకటి తగులుకుంటూ, లోపలి నుంచి ఇంకెవరో వస్తున్నట్టు.