అద్దం తుడిచారా?

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఏడో తరగతిలో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నవాడిని. నక్షత్రాల ప్రొఫెసర్ గురించి నేనేం రాస్తాను? కానీ పోయిన నెల కోదాడ బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది, మా మేనకోడలు దవాఖానలో పోయిందని. కోదాడ టీలో అల్లం కాస్త ఎక్కువే వేస్తారు... సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

సూర్యాపేటలో పుట్టిన పిల్ల. ముప్పయ్యేళ్లు ఒకటే వెతికింది: ఏ నక్షత్రం చుట్టూ తిరిగే ఏ గ్రహం మీద నీళ్లు ఆవిరి కాకుండా, గడ్డకట్టకుండా నిలుస్తాయో అని.

"దొరికితే ఆడ నాకో కిరాయి ఇల్లు సూడు బిడ్డా" అనేవాణ్ణి.

"ముందు నీళ్లున్నయో లేవో సూడనియ్యి మామా. నల్లా రాకుంటే ఒక్క పూట ఉంటవా నువ్వు?"

పోయినేడు నేను పనిచేసే మిర్యాలగూడ రైస్‌మిల్లుకు వచ్చింది. నేను నడిపే మిషన్‌లో గింజలు దీపం ముందు నుంచి జారుతాయి. నల్లగింజ వస్తే వెలుగు మారుతుంది, గాలి దాన్ని పక్కకు ఊదేస్తుంది. చూసి చప్పట్లు కొట్టింది.

"మామా, నా పని గూడ గిదే! గ్రహం అడ్డమొస్తే నక్షత్రం వెలుగు జర తగ్గుతది. ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి!"

తౌడు దుమ్ము చీరనిండా పడుతున్నా కదలలేదు. ఆ ఊపులోనే చెప్పింది. ఒక నక్షత్రం ఏడాదికొకసారి చొప్పున మూడుసార్లు మసకబారిందట. మూడుసార్లయితేనే గ్రహమని ఒప్పుకుంటారట. వ్యాసం సిద్ధం, ఇక పంపడమే.

అలవాటుకొద్దీ అడిగాను: "అద్దం తుడిసినవా?" మా మిషన్ అద్దానికి తౌడు అంటితే మంచి బియ్యం కూడా నల్లగా కనిపిస్తాయి మరి.

నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపేసింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. "మొదటిది లెక్కకు రాదు మామా. ఆ దినం పరికరమే సరిగ లేకుండె. రెండే మిగిలినయి."

నా నోటికి తాళం వేసుకోవాలనిపించింది. ఆమె గొంతులో మాత్రం హుషారు తగ్గలేదు. "పరేషాన్ గాకు. మల్ల వచ్చేటి తారీఖు చెప్త, రాసుకో. ఉత్తుత్తి గ్రహం కంటే ఆలస్యంగ వచ్చే గ్రహం నయం."

మిల్లు క్యాలెండర్ మీద ఆ తేదీకి సున్నా చుట్టాను. దానికి పంతొమ్మిది రోజుల ముందు ఆమె పోయింది.

సున్నా చుట్టిన రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె దగ్గర చదివే అమ్మాయి ఫోన్ చేసింది.

"తాతా, మేడమ్ చెప్పిన గంటకే వెలుగు తగ్గింది!"

"అద్దం తుడిసిండ్రా?"

"రెండుసార్లు చూసినం తాతా. అంతా సరిగ్గనే ఉంది."

మంచిదమ్మా అని ఫోన్ పెట్టేశాను. మిషన్ ఆపి, అద్దం తుడిచి, మళ్లీ వేశాను.