పేరు పిలవని వీధికి ఇన్సులిన్

సైన్యం అధికారం లాక్కున్న ఆ వేసవిలో మా తామ్వే పేట నుంచి నగరం నడిమధ్యనున్న చౌక్తడాకు బయలుదేరాను. నా కాన్వెంటు స్నేహితురాలు అక్కడ తల్లితో ఉంటోంది. తల్లికి ఇన్సులిన్ అయిపోయింది. దొరికినదాన్ని ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకున్నాను. ఇంటర్నెట్ ఆగిపోయే ముందు స్నేహితురాలి చివరి సందేశం ఇది: "కింద నుంచి పేరు పెట్టి పిలవకు. అమిగా అను." నేస్తానికి స్పానిష్ మాట. ఇంగ్లీషులో కలిసిపోయింది కాబట్టి బళ్లో మేము సరదాగా వాడేవాళ్లం. ఇప్పుడు సైన్యానికి ఎదురుగా ఊరేగింపులకు వెళ్లేవాళ్లకు అమిగో, అమిగాలే పేర్లు. పట్టుబడినా అసలు పేర్లు బయటపడవు.

బస్సులు లేవు. ఉదయం ఎనిమిదికి దొరికిన టాక్సీవాడు మామూలుగా మూడు వేల చ్యాట్‌లు తీసుకునే దూరానికి ఏడు వేలు అడిగాడు. సైనికులకు చేతులు కనబడాలని డ్రైవరు అద్దాలు దించమన్నాడు.

"ఫ్లాస్కులో ఏముంది, మా?" అన్నాడు, అక్కా అన్న అర్థంలో.

"మందు, ఐసు."

"సైనికులతో ఐసు అనకు, ఐస్‌క్రీమ్ అనుకుంటారు. తినేసి పంపిస్తారు."

చౌక్తడాలో సరుకు ఇవ్వడానికి పాత మేడల మెట్లు ఎవరూ ఎక్కరు. ప్రతి అంతస్తు నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. లాగితే పైన గంట మోగుతుంది, సరుకు కడితే పైకి లాక్కుంటారు. ఆ రోజు దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. కుక్క కూడా లేదు. మూడో అంతస్తు తాడు లాగాను. గంట మోగింది, ఎవరూ రాలేదు. ఐసు కరిగిపోతోందన్న కంగారులో పేరు పెట్టి పిలిచేశాను.

కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

మూసిన కొట్టు అరుగు మీద, అంతవరకూ నేను గమనించని ఒక ముసలమ్మ లేచింది; ఆ వీధిలో కిళ్లీలు కట్టే మన తెలుగామె, నన్ను ఎరుగును. "ఏటే పిల్లా, పేరెట్టి పిలిసేత్తావేటి! మొన్న ఎవులో ఇలాగే పిలిసినారు. తన నేస్తమెవులో అనుకుని ఆ పిల్ల తొంగి సూసింది. మిలట్రీవోలు తోలుకుపోనారు."

"వాళ్లమ్మ?"

"పైనే ఉంది. గంట మోగితే వొణికిపోతంది. ఆ మాట అను, సూద్దాం."

"అమిగా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను.

ఒక తాడు కదిలింది. తర్వాత మరొకటి. గాలి లేదు, మనుషులు కనబడలేదు, ఆ మేడ తాళ్లన్నీ నా ముందుకు ఇంకాస్త దిగాయి.

"ఏదోదానికి కట్టీయే. ఆలే సేరుత్తారు."

కట్టాను. ఫ్లాస్కు అయిదో అంతస్తుకు వెళ్లి, గోడ వెంట మూడుకు దిగింది. కిటికీ సందులోంచి ఒక ముసలి చెయ్యి అందుకుంది. ఇంగ్లీషు ముక్క రాని ఆ తల్లి గొంతు వినిపించింది: "అమిగా... నువ్వు ఎల్లిపో."

ఆ మాటకు ముఖం లేదు, ఊరు లేదు. ఆ వీధిలో కూతురి స్థానంలో ఎవరైనా నిలబడి పలకగలరని నాకు అప్పుడే తెలిసింది. అది ధైర్యమిచ్చింది, ఆ ఎవరైనాలో సైనికులూ ఉండొచ్చని భయమూ వేసింది.

మీరూ ఇలా వెళ్లాల్సివస్తే, తాడు లాగాక గోడకు దూరంగా, వీధి మధ్యకు వచ్చి తల ఎత్తి నిలబడండి. పిలిచే ముందు పైనున్నవాళ్లు మిమ్మల్ని చూడాలి.