రేడియో వైద్యుడి హస్తవాసి

పెళ్ళి కావలసిన కుర్రాడు అమ్మాయి తరఫు పెద్దల ముందు చేయకూడని పనులు కొన్ని ఉంటాయి. కాలు మీద కాలు వేసుకోకూడదు, చప్పుడు చేస్తూ కాఫీ జుర్రకూడదు, పకోడీల పళ్ళెం ఖాళీ చేయకూడదు. ఇవన్నీ మా అమ్మ నాకు నేర్పింది. అమ్మాయి బామ్మగారు పాట పాడుతుంటే ఈల వేయకూడదని మాత్రం నేర్పలేదు. అది కూడా చెప్పాలా అనుకుంది కాబోలు. నా విషయంలో చెప్పవలసింది.

ఒక్క ఈలతో బందరులో వీధి వీధినంతా ఎలా వేపుకు తిన్నానో, ఆ పైన ఆ వీధి చేతనే కాఫీలు ఎలా పోయించుకున్నానో చెబుతాను. తెలివైన పాఠకులు సగం కథలోనే దొంగను పట్టేస్తారు. పట్టుకుని హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఒక వానాకాలం పట్టింది.

యాభైల చివరి రోజులవి. నేను బందరులో ఒక కాలేజీ సైన్సు లేబొరేటరీలో కొత్తగా చేరిన డిమాన్‌స్ట్రేటర్ని. పద్ధతైన మనిషినని నాకు పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా నేనే. పొద్దున గాలి ఎటు వీచిందో, మధ్యాహ్నం ఏ కూర తిన్నానో అన్నీ డైరీలో రాసుకునేవాణ్ణి. వాడని లైటు, వాడని కుళాయి, వాడని యంత్రం ఏదైనా సరే, కట్టేసి గానీ గడప దాటేవాణ్ణి కాదు. ఈ సుగుణాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

గుడివాడలో మా మావయ్యకు రేడియో రిపేరు షాపు ఉండేది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా అక్కడ పనికిరాదని పారేసిన సామాను ఏరుకొచ్చి, ఒకే ఒక్క వాల్వుతో సొంతంగా రేడియో కట్టాను. బ్యాటరీతో నడుస్తుంది. చెవులకు డిప్పలు తగిలించుకుని వినాలి. దానికి ఒక నాబు ఉంది. మొదట బెజవాడ స్టేషను చీమ నడిచినంత సన్నగా వినిపిస్తుంది. నాబు తిప్పుతూ పోతే, పాలగిన్నె కింద మంట పెంచినట్టు శబ్దం పొంగుతుంది. ఇంకా తిప్పితే గిన్నె పొంగి పొయ్యి ఆరిపోయినట్టు, పాట మీద ‘కుయ్‌’మని ఒక ఈల మొదలవుతుంది.

“ఆ నాబు మరీ తిప్పకు అల్లుడూ, అరుస్తుంది” అని మావయ్య ముందే చెప్పాడు. అరిస్తే నా చెవిలోనే కదా అనుకున్నాను. ఎవరి చెవిలో అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ ఈల నా పెట్టెలోంచే వస్తోందని నాకు ఏ కోశానా తోచలేదు. నేను కట్టిన పెట్టె, అది ఈల వేయడమేమిటి? కాబట్టి అది ఎక్కడి నుంచో వచ్చి బెజవాడ మీద పడుతున్న పరాయి సంకేతమే అని తేల్చుకున్నాను. రేవులో లంగరు వేసిన ఓడ కావచ్చు, రైసుమిల్లు మోటారు కావచ్చు. అక్కర్లేని సంకేతాన్ని మింగేసే చుట్ట ఒకటి ఉంటుందని పుస్తకంలో చదివాను. అట్ట గొట్టానికి రాగితీగ చుట్టి, కండెన్సరు తగిలించి, ఏరియల్ తీగకు కట్టాలి. కట్టాను. అది ఈలను వదిలేసి బెజవాడను సగం మింగింది. బెజవాడ బలహీనపడిందని నేను నాబు ఇంకాస్త తిప్పాను. ఈల ఇంకాస్త పెరిగింది. అందుకని ఇంకా పెద్ద చుట్ట చుట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎదురింటి వెంకటరత్నం గారి రేడియోకు కూడా ఈల జబ్బు పట్టుకుంది. ఆయన ప్లీడరు గుమాస్తా. హాల్లో లేసు గుడ్డ కప్పిన పెద్ద చెక్క రేడియో ఉండేది. ఆయనకూ మా నాన్నకూ మాటల్లేవు. మా చూరు నీళ్ళు వాళ్ళ అరుగు ముందు మడుగు కడుతున్నాయన్న తగాదా కిందటి వానాకాలంలో మొదలై ఇంకా ఆరలేదు. ఇద్దరూ ఎదురుపడితే వాన వస్తుందేమోనని ఆకాశం చూసేవారు. ఆడవాళ్ళు మాత్రం ఈ తగాదాను పట్టించుకోకుండా పచ్చళ్ళు ఇచ్చిపుచ్చుకునేవారు. ఒక సాయంత్రం అలా పచ్చడి గిన్నెతో పాటు, రేడియో చూసిపెట్టమని నాకు కబురొచ్చింది.

పద్ధతి ప్రకారం నా పెట్టె ఆపి, చిన్న చుట్ట ఒకటి జేబులో వేసుకుని వీధి దాటాను. నేను గడపలో అడుగు పెట్టేసరికి వాళ్ళ రేడియో పాలకడలిలా ఉంది.

“ఇందాకటిదాకా చెవులు తూట్లు పొడిచిందోయ్. నిన్ను చూసి నోరు మూసుకుంది” అన్నారు వెంకటరత్నం గారు.

మళ్ళీ రాకుండా ఉంటుందని చుట్ట కట్టాను. కాఫీ తెచ్చిచ్చింది వాళ్ళ అమ్మాయి సుభద్ర. ఆ కాఫీ గురించి ఆ రోజు డైరీలో ఒక పేజీ ఉంది. మిగతా పేజీలన్నీ కలిపినా దానికి సాటిరావు.

ఇక చూసుకోండి. పక్కింటివాళ్ళు పిలిచారు, వాళ్ళ పక్కవాళ్ళు పిలిచారు. ఎవరు పిలిచినా నేను పెట్టె ఆపి వెళ్ళడం, వెళ్ళేసరికి ఈల మాయం కావడం, నేను చుట్ట కట్టి కాఫీ తాగి రావడం. వీధివాళ్ళు ఆ చుట్టలకు తాయెత్తులని పేరు పెట్టారు. “అబ్బాయి హస్తవాసి మంచిది” అని చెప్పుకున్నారు. హస్తవాసి ఉన్న డాక్టరు చెయ్యి వేస్తే జ్వరం తగ్గుతుందంటారు. నేను చెయ్యి కూడా వేయనక్కర్లేదు, చెప్పులు విడిస్తే చాలు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఆ దొంగే ఈశ్వరుడి వేషం కట్టి వీధి వెంట దొంగను వెతుకుతుంటే ఇంకెవరు పట్టాలి?

వీధి మొత్తం మీద సరిగ్గా గమనించింది ఒక్కరే. వెంకటరత్నం గారి అమ్మ, సీతమ్మ గారు. అవనిగడ్డ వైపు దివిసీమ మనిషి, ఎనభై దాటాయి, నోటి ధాటి మాత్రం తగ్గలేదు.

“తాయెత్తులో ఏం లేదురా. ఈ అబ్బాయి వచ్చి కూర్చుంటే ఆగుతోంది, వెళ్తే మొదలవుతోంది. మహిమ మనిషిలోనే ఉంది” అని తేల్చిందావిడ.

నేను సైన్సు చదివినవాణ్ణి. పాపం, పాతకాలం మనిషి అని చిరునవ్వు నవ్వాను.

ఆ నవ్వుకు ఫలితం, రోజూ సాయంత్రం వాళ్ళ రేడియో పక్కన కుర్చీలో నన్ను కూర్చోబెట్టుకోవడం. దిష్టిబొమ్మ ఉద్యోగమే అయినా సుభద్ర కాఫీ ఉంది కనుక నాకు అభ్యంతరం లేకపోయింది. కొన్నాళ్ళకు బామ్మగారే మా అమ్మ దగ్గర మాట కదిపింది. కూర్చున్న చోట గోల అణిగే మనిషి మనవరాలికి మొగుడిగా దొరకడం పూర్వజన్మ సుకృతమని ఆవిడ ఉద్దేశం. మరి మగవాళ్ళిద్దరికీ మాటల్లేవే అంటే, “నా పాట అవనీ. గోపాలాన్ని పిలిచి నేనే అడుగుతాను” అంది. గోపాలం అంటే మా నాన్న.

ఆ పాట సంగతి ఏమిటంటే, పాత దంపుళ్ళ పాటలు వచ్చినవాళ్ళు కావాలని బెజవాడ రేడియోవాళ్ళు కబురు పెడితే, ఆవిడ రైలెక్కి వెళ్ళి పాడి వచ్చింది. యంత్రంలో పట్టిన ఆ పాట ఆదివారం మధ్యాహ్నం వేస్తారు. ఒక్కసారే వేస్తారు. తన గొంతు తాను వినడం ఆవిడకు అదే మొదలు.

“నా వయసుకి మళ్ళీ పిలుస్తారో లేదో. ఆ ఒక్క పూటా నువ్వు కుర్చీలోంచి కదలకు నాయనా” అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. పాట శుభ్రంగా వినిపిస్తే సుభద్ర నాకు దక్కినట్టే. ఈల వస్తే నా మహిమా పోతుంది, పెళ్ళీ పోతుంది.

ఆదివారం అవనిగడ్డ నుంచి, ఘంటసాల నుంచి చుట్టాలు దిగారు. హాలు నిండి అరుగు మీదికి పొంగింది. మా అమ్మ కూడా వచ్చి వాళ్ళ వంటింట్లో పకోడీలు వేయిస్తోంది. నాన్న మాత్రం ఆ గడప తొక్కనని పేపరు పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. నేను పద్ధతిగా నా పెట్టె ఆపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు రేడియో పక్కన కూర్చున్నాను.

రేడియోలో సీతమ్మ గారి పేరు చెప్పారు. చుట్టాలందరూ ఆవిడ వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పాట ఎత్తుకుంది. ఒక్క చరణం అయిందో లేదో, ‘కుయ్‌’మంది.

నా ఎదురుగా ఈల రావడం అదే మొదటిసారి. హాలంతా నా వైపు తిరిగింది. నేను రేడియో మీద చెయ్యి వేశాను. హస్తవాసి పనిచేయలేదు. తాయెత్తు సవరించాను. ఈల ఇంకా ఠీవిగా పైకి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ పైకి ఎగబాకింది.

“ఎనభయ్యేళ్ళ ముసల్దాని పాటకి ఈలేసే మగాడెవడ్రా ఈ బందర్లో?” అంది బామ్మగారు.

అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతికర్ర తీసుకుని ఆ మగాణ్ణి చూసొస్తానని లేచాడు. నేను ఎవరి మొహమూ చూడలేక కిటికీలోంచి బయటికి చూశాను. అది ఇరుకు వీధి. ఎదురుగా మా ఇంటి కిటికీ, నా పెట్టె ఉండేది దాని పక్కనే. అందులో నాన్న మోచెయ్యి. మోచెయ్యి కుడికి జరిగింది, ఈల పైకి వెళ్ళింది. ఎడమకు జరిగింది, ఈల కిందికి దిగింది.

అప్పుడు వెలిగింది నాకు. నాబు మితిమీరి తిప్పితే ఆ పెట్టె వినడం మానేసి తానే ఒక బుల్లి స్టేషనై వీధికంతటికీ ఈల పంచిపెడుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను. నేను ఆ పిల్ల ఏడుపు ఆపడానికి ఊరందరికీ తాయెత్తులు కట్టాను.

ఒక్క ఉరుకులో వీధి దాటాను. నా పెట్టెను ఇన్నాళ్ళూ తీగల బుట్ట అని వెక్కిరించిన మా నాన్న, చెవులకు డిప్పలు తగిలించుకుని, కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

“మాట్లాడకు. సీతమ్మత్తయ్య పాడుతోంది” అన్నాడు. “ఏదో కూత అడ్డమొస్తోందని కాస్త పెంచాను.”

నేను పెట్టె ఆపేశాను. ఎదురింట్లోంచి బామ్మగారి పాట తేటగా వీధిలోకి వచ్చింది. నాన్న డిప్పలు మెడలోకి దించి అటు చూశాడు.

“అక్కడ బానే వస్తోందే?”

“ఇక్కడ ఆపితేనే అక్కడ వస్తుంది నాన్నా.”

“అంటే ఇన్నాళ్ళూ?”

“ఇన్నాళ్ళూ.”

ఎదుటి కిటికీలో బామ్మగారి తల కనిపించింది. “ఒరే గోపాలం, నువ్వట్రా ఈలేసింది?”

“నేను కాదత్తయ్యా. మావాడి పెట్టె.”

“ఇద్దరూ ఇటు రండి ముందు.”

డిప్పలు మెడలో వేలాడుతుండగానే నాన్న వీధి దాటాడు. అరుగు ముందు మా చూరు నీళ్ళ మడుగు. వెంకటరత్నం గారు ఒక్క క్షణం ఆకాశం వంక చూసి, చెయ్యి చాపారు. “ఇటు నుంచి రా బావా, కాళ్ళు తడుస్తాయి.”

ఆఖరి చరణం మిగిలి ఉంది. బామ్మగారు రేడియోకు చెవి ఆనించి కూర్చుంది. ఎవరూ కదల్లేదు. వంటింట్లో మూకుడు కూడా దించేశారు. పాట పూర్తయింది. నేను గోడకు ఆనుకుని తీర్పు కోసం నిలబడ్డాను.

“ఎవరిదిరా ఆ గొంతు?” అంది బామ్మగారు.

“నీదేనమ్మా” అన్నారు వెంకటరత్నం గారు.

“నాదా? ఇన్నేళ్ళూ ఈ గొంతుతోనా మీ అందరికీ జోల పాడింది? పాపం, భయపడి నిద్రపోయుంటారు.” నా వైపు తిరిగింది. “దీనికంటే నీ ఈలే నయంరా అబ్బాయ్.”

మొదట నవ్వింది మా నాన్న. ఆ వెంటనే వెంకటరత్నం గారు. మాటల్లేని మనుషులు ముందు నవ్వుకున్నాక మాటలు రాకుండా ఎక్కడికి పోతాయి? పకోడీలు అయ్యేసరికి చూరుకు తూము వేయించడం, మాకు ముహూర్తం చూడడం రెండూ ఖాయమయ్యాయి. వీధివాళ్ళు తాయెత్తులు విప్పి తిరిగిచ్చేశారు. కాఫీలు తిరిగివ్వమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు రేడియో మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. లోకంలో ఎక్కడ ఏ కూత వినిపించినా, దాని అంతు చూడడానికి బయల్దేరే ముందు నా పెట్టె ఒకసారి ఆపి చూస్తానని.

నేను మరిచిపోయినా సుభద్ర మరిచిపోదు. పొద్దున్నే పేపరు పట్టుకుని ఈ రోడ్లేమిటి, ఈ పిల్లలేమిటి, లోకంలో ఈ గోలేమిటి అని నేను మొదలుపెడితే కళ్ళజోడు మీంచి చూస్తుంది.

“మీరొకసారి ఆపి చూడండి” అంటుంది.

ఆపుతాను. ఏం చెప్పమంటారు, ఇల్లంతా పాలకడలిలా అయిపోతుంది. హస్తవాసి.