ఎనభై మూడుతో భాగిస్తే

మా నాన్నతో వేగడం ఎవరి తరమూ కాదు. మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో గుమాస్తా. తాగుడు లేదు, పేకాట లేదు. కనబడ్డ ప్రతి పెద్ద సంఖ్యనూ భాగించి అది ఏ రకమో తేల్చడమే ఆయన వ్యసనం. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని టౌన్లో జెండాలు కుడుతున్న రోజుల్లో, నా స్కూలు కోసం ఒక పాత నల్ల సైకిలు కొన్నాడు. కొని, ఎక్కనివ్వలేదు. ఫ్రేము మీద 525971 అని నంబరు ఉంది. అది ప్రధాన సంఖ్యో కాదో ముందు తేలాలట.

"తొక్కడానికి నంబరెందుకు నానా?"

"ఏటి రకమో తెలీకుండా వాడేస్తావేటే గుంటా?"

ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించకూడదు. అందుకని దాని వర్గమూలం, అంటే ఏడువందల ఇరవై అయిదు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో వరసగా భాగించాలి. మూడు ఆదివారాలు పట్టింది. యాభై నుంచి వంద దాకా ఉన్న పదీ నా వంతు. ఒళ్లు మండి, పదింటి పక్కనా 'పోదు' అని గీకి ఇచ్చేశాను. నాన్న మురిసిపోయి, ప్రధాన సంఖ్యే అని తీర్పు చెప్పాడు. అప్పుడు గానీ నేను సైకిలెక్కలేదు.

అది కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద తెల్ల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలో దాక్కున్నవాళ్లకు బియ్యం అందుతోందని పోలీసులు, ఏడాది గడిచాక ఒకరోజు, తోటలో సైకిళ్లన్నీ పట్టుకుపోయారు. రసీదు చూపినా, నంబరు చెప్పినా ఇస్తారు, మిగిలినవి సాయంత్రం లారీలో వెళ్లిపోతాయి. మా రసీదునూ, నాన్న లెక్కల పుస్తకాన్నీ చెదలు తినేశాయి.

"సైకిల్లేపోతే ఇస్కూలూ లేదు. ఆరు మైళ్లు దీన్ని నడిపించను," అంది అమ్మ.

మేం ఠాణాకు వెళ్లేసరికి ఒక్క సైకిలే మిగిలింది. హ్యాండిలుకు నేను చుట్టిన పచ్చదారం అలాగే ఉంది. మలయ్ సార్జెంటు విసుగ్గా, మీదైతే తీసుకుపొండి అన్నాడు. నాన్న కదిలితేనా!

"నంబరు మర్సిపోయినాను గానీ దాని గుణం మర్సిపోలేదు. మనది ప్రధాన సంఖ్య," అని సార్జెంటు దగ్గరే కాగితం అడిగి, ఫ్రేము మీది నంబరు రాసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఏడు, పదకొండు, పదమూడు... నాకు తలప్రాణం తోకకొచ్చింది. లారీ వచ్చి ఆగింది. ఎనభై మూడు దగ్గర పెన్సిలు ఆగింది. శేషం సున్నా.

"ఇది మనది కాదు."

"దారం నానే సుట్టినాను నానా."

"దారం ఎవులైనా సుడతారు. మూడు ఆదివారాలు కూకుని తేల్చినాం. ఇంకోల సొత్తు మనకొద్దు."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కానిస్టేబులు సైకిల్ని లారీ వైపు తోసుకుపోతున్నాడు. నాన్న చొక్కా పట్టుకుని లాగాను.

"యాభై పైన ఒక్కటీ సెయ్యలేదు నాను. ఊరికే పోదని రాసీసినాను."

నాన్న నా వైపు చూడలేదు. సార్జెంటు దగ్గరికెళ్లి, మాదే, లెక్క తప్పింది అని మలయ్‌లో చెప్పి సంతకం పెట్టాడు. దారంతా తనే తోసుకొచ్చాడు, నన్ను ఎక్కమనలేదు. ఇంటి గోడకు సైకిలు ఆనించాక అన్నాడు.

"ఎవుల లెక్కయినా రెండోపాలి సూస్తాను. నీది సూడలేదు."